తల, భుజాలు... ఓ కొవ్వొత్తి!

పొద్దున్న తొమ్మిదీ పదిహేను. వంటింట్లో కుక్కరు మూడో విజిల్ వేసింది. హాల్లో సోఫా మీద అబ్బాయి ఫోన్‌లో తలదూర్చి కూర్చున్నాడు. తెర నిండా ఎర్రవీ పచ్చవీ పుల్లలు.

‘ఏంట్రా అది, ఈసీజీనా?’

‘కాదమ్మా, షేరు. ఎడమ భుజం అయిపోయింది, తలా అయిపోయింది. కుడి భుజం కూడా వచ్చిందంటే ఇక పడిపోవడమే.’

‘ఎవర్రా పడిపోయేది?’ అమ్మ గరిటె పట్టుకుని హాల్లోకి పరుగెత్తుకొచ్చింది.

నవ్వులాటకి చెప్పుకున్నా, ఇలాంటి మాటలు వినిపించే ఇళ్లు ఇప్పుడు తక్కువేం కాదు. ఒకప్పుడు షేర్లంటే బ్రోకరు ఆఫీసుకెళ్లి అడగాలి, కాగితాల మీద సంతకాలు పెట్టాలి. మన హైదరాబాద్‌కే సొంతంగా ఓ స్టాక్ ఎక్స్ఛేంజి ఉండేది. 1943లో మొదలైన ఆ సంస్థ గుర్తింపు 2007లో పోయింది. బజారంతా కంప్యూటర్లోకి, అక్కణ్నుంచి జేబులోని ఫోన్‌లోకి వచ్చేసింది. దేశంలో డీమ్యాట్ ఖాతాలు 2022 ఆగస్టులో 10 కోట్లు దాటితే, 2024 మార్చికల్లా 15 కోట్లు దాటేశాయి. ఖాతా తెరిచినవాళ్లలో చాలామందికి బ్యాలెన్స్ షీటు చదివే ఓపికుండదు. బొమ్మైతే చూడగానే అర్థమైపోయినట్టుంటుంది. అందుకే కుర్రకారు, ఉద్యోగులు, రిటైరైనవాళ్లు కూడా ‘చార్టులు చదవడం’ నేర్చుకుంటున్నారు.

నేర్చుకోవడంలో తప్పులేదు. నేర్చుకున్నది ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్నదే అసలు సంగతి. ఎందుకంటే తెర మీదివి పుల్లలే కావచ్చు, వాటి వెనకున్నది ఇంట్లో డబ్బు.

ఓ రోజుకి ఓ కొవ్వొత్తి

ముందు ఆ పుల్లల సంగతి చూద్దాం. వాటిని క్యాండిల్స్ అంటారు, అంటే కొవ్వొత్తులే. ఒక్కో కొవ్వొత్తిలో నాలుగు ధరలుంటాయి. ఉదాహరణకి, ఓ షేరు పొద్దున్న 500 రూపాయల దగ్గర మొదలైంది. మధ్యలో 492కి జారింది, మధ్యాహ్నం 520కి ఎక్కింది, సాయంత్రం మూడున్నరకి 515 దగ్గర ఆగింది. మొదలైన ధర 500కీ ముగిసిన ధర 515కీ మధ్య లావుపాటి ఒళ్లు గీస్తారు. పైన 520 వరకూ, కింద 492 వరకూ సన్నటి వత్తి పెడతారు. రెండు వైపులా వత్తి ఉన్న కొవ్వొత్తన్నమాట! మొదలైనదానికంటే ఎక్కువలో ముగిస్తే పచ్చ రంగు, తక్కువలో ముగిస్తే ఎరుపు. (జపాన్, చైనాల్లో ఇది తలకిందులు. అక్కడ ఎరుపంటే పెరిగినట్టు. వాళ్ల చార్టు చూసి మనవాళ్లు కంగారుపడితే అది వాళ్ల తప్పు కాదు.)

ఒళ్లు పొడుగ్గా ఉంటే ఆ రోజు ఒక పక్షానిదే పైచేయి. అసలు ఒళ్లే లేకుండా గీతలా మిగిలితే, అంటే ఎక్కడ మొదలైందో అక్కడే ముగిస్తే, దాన్ని డోజీ అంటారు. కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ రోజంతా తాడు లాగి చివరికి మొదలుపెట్టిన చోటే నిలబడ్డారని అర్థం. మరొకటి సుత్తి. షేరు 500 దగ్గర మొదలై 470కి పడి, సాయంత్రానికి మళ్లీ 502కి లేచిందనుకోండి... కింద పొడవాటి వత్తి, పైన చిన్న ఒళ్లు. అచ్చం సుత్తిలా ఉంటుంది. జపాన్‌వాళ్లు దీన్ని ‘టకురి’ అన్నారట. నీళ్లలో కాలుపెట్టి అడుగు ఎక్కడుందో తడిమి చూడటం లాంటిదని ఆ మాటకి అర్థం చెబుతారు. చాలారోజులుగా పడుతున్న షేరులో ఇది కనిపిస్తే అడుగు తగిలిందేమో అని ఆశ. ‘ఏమో’ అన్న మాట మర్చిపోకూడదు.

బియ్యం బేరం నుంచి...

ఈ కొవ్వొత్తుల పుట్టిల్లు జపాన్. కథ మొదలైంది షేర్లతో కాదు, బియ్యంతో. ఒసాకా నగరంలోని డోజిమా బియ్యం బజారుకి 1730లో అక్కడి షోగన్ ప్రభుత్వం అధికారికంగా అనుమతిచ్చింది. గిడ్డంగిలో ఉన్న బియ్యానికి రసీదులు రాసి, ఆ రసీదుల మీద బేరాలాడేవారు. ఇంకా చేతికి రాని సరుకుని ఇవాళే అమ్మడం, కొనడం అక్కడ మామూలు వ్యవహారం. ఇప్పటి ఫ్యూచర్స్ మార్కెట్లకు దాన్ని పెద్దమ్మ అనుకోవచ్చు.

ఆ రోజుల్లో సకాతా అనే రేవు పట్టణంలో హొమ్మా మునెహిసా అనే వర్తకుడుండేవాడు. పంట, వాన ఎంత ముఖ్యమో బజారులో జనం భయమూ ఆశా అంతే ముఖ్యమని కనిపెట్టినవాడని పేరు. ఒసాకా ధరలు తనకి వెంటనే తెలిసేందుకు దారి పొడవునా మేడల మీద మనుషుల్ని నిలబెట్టి జెండాలు ఊపించేవాడని కథలు చెబుతారు. కొవ్వొత్తి చార్టు కూడా ఆయనదే అని చాలాచోట్ల రాస్తారు. అది మాత్రం అనుమానమే. ఇప్పటి రూపంలోని కొవ్వొత్తులు 19వ శతాబ్దం చివర్లో వచ్చి ఉంటాయన్నది పరిశోధించినవాళ్ల అభిప్రాయం. ఏమైతేనేం, జపాన్ దాటి బయటి ప్రపంచానికి ఇవి బాగా తెలిసింది 1991లో అమెరికా రచయిత స్టీవ్ నీసన్ పుస్తకం రాశాకే.

అమెరికాలో వేరే దారిలో ఇదే పని చేసినవాడు చార్లెస్ డో. వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రికను 1889లో స్థాపించినవాళ్లలో ఒకడు. 1896లో 12 కంపెనీలతో డో జోన్స్ పారిశ్రామిక సూచీ మొదలెట్టాడు. ఈ విషయం మీద ఆయన ఒక్క పుస్తకమూ రాయలేదు. 1902లో ఆయన పోయాక సంపాదకీయాలన్నీ పోగుచేసి ఇతరులు దాన్ని ‘డో సిద్ధాంతం’ చేశారు. సముద్రంలో పోటు, అల, తరగ ఉన్నట్టే మార్కెట్లోనూ మూడు రకాల కదలికలుంటాయన్నది అందులో ముఖ్యమైన మాట. విశాఖ బీచ్‌లో నిలబడి కాళ్లు తడిపిన చిన్న తరగని చూసి ‘సముద్రం పొంగుతోంది’ అని ఎవరూ పరుగెత్తరు. ఫోన్‌లో అయిదు నిమిషాల చార్టు చూసేవాళ్లు చాలామంది చేసేది మాత్రం సరిగ్గా అదే.

‘మన డబ్బు మనకొస్తే చాలు!’

ఇప్పుడు అబ్బాయి చెప్పిన తల, భుజాల దగ్గరికొద్దాం. ఇంగ్లిష్‌లో హెడ్ అండ్ షోల్డర్స్. చార్టు ఆకారాల్లో దీనికున్నంత పేరు మరోదానికి లేదు. 1948లో ఎడ్వర్డ్స్, మాగీ అనే ఇద్దరు రాసిన పుస్తకం ఇలాంటి ఆకారాలన్నిటికీ పెద్దబాలశిక్షలాంటిది. అందులోనూ దీనికే పెద్దపీట.

ఓ షేరు చాన్నాళ్లుగా పెరుగుతూ 400కి వచ్చింది. కొందరు లాభాలు తీసుకోవడంతో 360కి తగ్గింది. ఇది ఎడమ భుజం. ‘అబ్బ, తగ్గినప్పుడు కొనుంటే బాగుండేది’ అనుకున్నవాళ్లు ఎగబడ్డారు. ఈసారి 440 దాకా వెళ్లింది. ఇది తల. మళ్లీ 360కి జారింది. మూడోసారి లేచింది కానీ ఊపు లేదు. 405 దగ్గరే ఆయాసపడి ఆగిపోయింది. అదే కుడి భుజం. రెండుసార్లు పడి ఆగిన 360 దగ్గర అడ్డంగా గీత గీస్తే దాని పేరు నెక్‌లైన్, మెడగీత. షేరు ఆ గీతని తెంచుకుని కిందికి ముగిస్తే ఆకారం పూర్తయినట్టు. తల ఎత్తు 440లోంచి 360 తీసేస్తే 80. మెడ నుంచి మరో 80 కిందికి, అంటే 280 దాకా పడొచ్చని లెక్క వేస్తారు.

ఇందులో మంత్రం లేదు. మనుషులున్నారు. 440 దగ్గర కొన్నవాళ్లు షేరు 360కి పడగానే రాత్రుళ్లు నిద్రపోలేదు. 405కి రాగానే వాళ్ల నోట వచ్చే మాట ‘లాభమొద్దు గానీ, మన డబ్బు మనకొస్తే చాలు’. కొందరు 440 దాకా ఆగలేక అక్కడే అమ్మేస్తారు. ఆ అమ్మకాలే షేరుని మళ్లీ పైకి వెళ్లనివ్వవు. మెడగీత తెగాక, ఇంతకాలం ‘360 దాటి పడదులే’ అని ధీమాగా ఉన్నవాళ్లకీ భయం మొదలవుతుంది. ఇళ్ల స్థలాల్లో మనకి తెలిసిన లెక్కే ఇది. ‘గజం ఆ రేటుకి ఇంకోసారి దొరికితే కళ్లుమూసుకుని కొనేస్తా’ అని నలుగురనుకునే రేటు ఒకటుంటుంది. చార్టు భాషలో అది సపోర్టు. ‘ఆ రేటొస్తే అమ్మేసి ఊపిరి పీల్చుకుంటా’ అనుకునేది రెసిస్టెన్స్. ఈ రెండు గీతలూ అర్థమైతే మిగతా ఆకారాల్లో సగం వాటంతటవే అర్థమవుతాయి. ఇంగ్లిష్ అక్షరం ‘ఎం’లా ఉండే డబుల్ టాప్, ‘డబ్ల్యూ’లా ఉండే డబుల్ బాటమ్, చాయ్ కప్పూ దాని పిడిలా ఉండే కప్ అండ్ హ్యాండిల్... అన్నీ ఈ ఇద్దరు మనుషుల మధ్య పేచీలే.

ఆకారంతోపాటు తప్పక చూడాల్సింది కింద నిలువు గీతల్లో ఉండే వాల్యూమ్, అంటే ఎన్ని షేర్లు చేతులు మారాయన్నది. సంతలో ఒకరిద్దరు అరిచినంత మాత్రాన ధర మారినట్టు కాదు కదా. గీత తెగినరోజు వాల్యూమ్ మామూలుకంటే బాగా పెరిగితే దానికి విలువ. పలచగా ఉంటే మర్నాడే షేరు వెనక్కొచ్చి గీత మీద కూర్చోవచ్చు. కొన్నవాడు బోనులో పడతాడు. దీనికి బుల్ ట్రాప్ అని పేరు కూడా పెట్టారంటే ఎంత తరచుగా జరుగుతుందో ఊహించుకోవచ్చు.

మబ్బుల్లో ఏనుగు

ఇవన్నీ నిజంగా పనిచేస్తాయా? ఇక్కడే పెద్ద తగువుంది. అమెరికా ఆర్థికవేత్త బర్టన్ మాల్కీల్ 1973లో తెచ్చిన పుస్తకంలో ఓ సరదా ముచ్చట చెప్పాడు. విద్యార్థులతో నాణెం ఎగరేయించాడు. బొమ్మ పడితే ధర కాస్త పెరిగినట్టు, బొరుసైతే తగ్గినట్టు గీయించాడు. తయారైన చార్టుని ఓ చార్టు పండితుడికి చూపిస్తే, ఆ కంపెనీ ఏదో చెప్పమనీ వెంటనే కొనాలనీ ఆయన ఎగిరి గంతేశాడట! మబ్బుల్లో ఏనుగు కనిపించినట్టు, చూడాలనుకున్న కంటికి ఎక్కడైనా తల, భుజాలు కనిపిస్తాయి.

అలాగని అంతా బూటకమనీ కొట్టేయలేం. ఆండ్రూ లో, మరో ఇద్దరు పరిశోధకులు కలిసి 1962 నుంచి 1996 వరకు అమెరికా షేర్ల ధరల్ని కంప్యూటర్‌కిచ్చి ఈ ఆకారాల్ని వెతికించారు. కొన్ని ఆకారాల్లో పనికొచ్చే సమాచారం కొంత ఉందని 2000లో ప్రకటించారు. ‘కొంత’ అన్నారు, ‘లాభం ఖాయం’ అనలేదు. సమాచారం ఉండటం వేరు, ఖర్చులన్నీ పోను చేతికి డబ్బు మిగలడం వేరు.

చార్టుకి బొత్తిగా తెలియనివీ ఉంటాయి. మన తెలుగువాళ్లు మర్చిపోలేని ఉదాహరణ సత్యం. 2008 డిసెంబరులో మేటాస్ కంపెనీల కొనుగోలు ప్రకటనతో 17వ తేదీన షేరు దాదాపు 30 శాతం పడింది. తర్వాత కోలుకుంటున్నట్టే కనిపించి 2009 జనవరి 6న 179 రూపాయల దరిదాపుల్లో ముగిసింది. ఆ సాయంత్రం చార్టు చూసినవాళ్లకి ‘అడుగు తగిలింది, లేస్తోంది’ అనిపించి ఉంటే తప్పుపట్టలేం. మర్నాడు లెక్కలు తారుమారు చేశానంటూ రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చింది. ఆ ఒక్కరోజే షేరు 40 రూపాయల దగ్గరికి కూలిపోయింది. ఖాతా పుస్తకాల్లో దాచింది కొవ్వొత్తుల్లో ఎలా కనిపిస్తుంది? అంతా అమ్మేవాళ్లే ఉండి కొనేవాళ్లు లేనప్పుడు, 170 దగ్గర స్టాప్‌లాస్ పెట్టుకున్నా అది 170కే తెగుతుందన్న హామీ కూడా ఉండదు.

2020లో కరోనా రోజులు ఇంకో రకం పాఠం. జనవరిలో 12,400 దాటిన నిఫ్టీ మార్చి 24న 7,511కి పడింది. అంతకుముందు రోజు, మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజులో 13 శాతం దాకా కూలింది. పడిపోయే లక్షణాలు చార్టులో ముందే ఉన్నాయని గర్వంగా చెప్పుకున్నవాళ్లు, లేచేటప్పుడు ‘మళ్లీ పడుతుంది చూడండి’ అంటూ బయటే ఉండిపోయారు. నవంబరుకల్లా నిఫ్టీ పాత శిఖరం దాటేసింది.

సెబీ చెప్పిన లెక్క

మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2024 జులైలో ఓ అధ్యయనం బయటపెట్టింది. ఏ రోజు కొన్నవి ఆ రోజే అమ్మేసే ఇంట్రాడే వ్యాపారం చేసిన వ్యక్తుల్లో 2022-23లో పదిమందికి ఏడుగురు నష్టపోయారు. 30 ఏళ్లలోపు కుర్రాళ్లలోనైతే 76 శాతం. ఏడాదిలో 500 సార్లకు మించి కొని అమ్మినవాళ్లలో 80 శాతం. ఎక్కువసార్లు ఆడితే చేయి తిరుగుతుందనుకుంటాం కానీ ఇక్కడ జేబు తిరగబడుతోంది! పైగా నష్టపోయినవాళ్లు తమ నష్టానికి తోడు అందులో 57 శాతంతో సమానమైన మొత్తాన్ని బ్రోకరేజీ, పన్నులు వగైరా ఖర్చుల కింద కట్టారు.

ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్ సంగతి మరీ ఘోరం. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో అందులో దిగిన కోటిమందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు. సగటున ఒక్కొక్కరికి పోయింది సుమారు 2 లక్షల రూపాయలు. అందరిదీ కలిపితే 1.8 లక్షల కోట్లకు పైనే. వీళ్లలో చార్టులు నేర్చుకున్నవాళ్లు లేరనుకుందామా?

నేర్చుకున్నారు. కానీ ఆకారం పేరు నేర్చుకున్నంత శ్రద్ధగా కూడికలు, తీసివేతలు నేర్చుకోలేదు. ఈ లెక్క చూడండి. పదిసార్లు కొంటే ఏడుసార్లు గెలిచాడు. గెలిచినప్పుడల్లా కంగారుగా వెయ్యి రూపాయలకే అమ్మేశాడు. వచ్చింది 7 వేలు. ఓడిన మూడుసార్లూ ‘ఎందుకు పెరగదో చూద్దాం’ అని పంతం పట్టి ఆరేసి వేలు పోగొట్టుకున్నాడు. పోయింది 18 వేలు. నికరంగా నష్టం 11 వేలు. ఇంకొకరు పదిలో ఆరుసార్లు ఓడిపోయారు. ఓడినప్పుడల్లా 2 వేల దగ్గర కచ్చితంగా ఆపేశారు, గెలిచిన నాలుగుసార్లూ 4 వేలు వచ్చేదాకా ఆగారు. వచ్చింది 16 వేలు, పోయింది 12 వేలు. ఖర్చులు తీయకముందు లాభం 4 వేలు. కాలనీలో మాత్రం మొదటాయన్నే అందరూ ‘చార్టు మాస్టారు’ అంటారు. పదిలో ఏడు కరెక్టుగా చెప్పాడు మరి!

ఎన్ని షేర్లు కొనాలన్నదీ చార్టే చెప్పాలి, ఉత్సాహం కాదు. రెండు లక్షలున్న మనిషి ఒక్క దెబ్బకి ఒక శాతం, అంటే 2 వేలకు మించి పోగొట్టుకోకూడదనుకుంటే... 250 దగ్గర కొని, ఆకారం తప్పిందని తెలిసే 240 దగ్గర అమ్మేయాలని ముందే అనుకుంటాడు. షేరుకి పోయేది 10 రూపాయలు. 2 వేలని పదితో భాగిస్తే 200 షేర్లు. పెట్టుబడి 50 వేలు. అంతే. మొత్తం రెండు లక్షలూ ఒకేదాంట్లో పెట్టి సగం పోగొట్టుకున్నవాడు మళ్లీ మొదటికి రావాలంటే మిగిలిన లక్ష రెట్టింపు కావాలి. పడిన 50 శాతానికి లేవాల్సింది 100 శాతం.

గురువులు, స్క్రీన్‌షాట్లు

ఈ విద్యకి గురువులకేం కొదవ లేదు. లాభం వచ్చిన రోజు స్క్రీన్‌షాట్లు పెట్టి, ‘మూడు రోజుల్లో చార్టులు, ఫీజు ఇంతే’ అంటూ వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లోకి లాగుతారు. నష్టపోయిన రోజు స్క్రీన్‌షాట్ ఎవరూ పెట్టరు. ఫలానా షేరు కొనమని సలహా ఇచ్చేవాళ్లు సెబీ దగ్గర నమోదు చేయించుకోవాలి. ఆ పేర్లు సెబీ వెబ్‌సైట్లో చూసుకోవచ్చు. పాఠాల ముసుగులో సలహాలిస్తున్నారని, కేవలం పాఠాలు చెప్పేవాళ్లు గడిచిన మూడు నెలల ధరల్ని వాడకూడదని సెబీ 2025 జనవరిలో ఆంక్ష కూడా పెట్టింది. పాత చార్టు మీద నేర్పలేని విద్య కొత్త చార్టు మీద మాత్రం వస్తుందా?

నిజానికి పాత చార్టే మంచి గురువు. ఖర్చు కూడా లేదు. రెండు మూడేళ్ల క్రితం నాటి చార్టు తెరిచి, కుడివైపు సగాన్ని కాగితంతో కప్పేయాలి. కనిపిస్తున్న చోట ఏం చేస్తారో... ఎక్కడ కొంటారు, తప్పయితే ఎక్కడ అమ్ముతారు, ఎన్ని షేర్లు... నోటుపుస్తకంలో రాసుకోవాలి. తర్వాత కాగితాన్ని ఒక్కో కొవ్వొత్తి చొప్పున పక్కకి జరపాలి. వెనక్కి చూస్తే ప్రతి ఆకారమూ ఎంత స్పష్టంగా ఉంటుందో, ముందుకి చూసేటప్పుడు అంత మసగ్గా ఉంటుందని మొదటి పేజీ నిండకముందే తెలిసిపోతుంది. ఇలా కనీసం వంద రాసి, గెలిచినవీ ఓడినవీ కూడితే తన చేతికి ఈ విద్య అబ్బుతుందో లేదో ఎవరికి వారే చూసుకోవచ్చు. ఈ పరీక్షలో తప్పినా పోయేది ఓ నోటుపుస్తకమే. ఓ అరవై రూపాయలు వేసుకోండి.

దీనికి అన్నిటికంటే మంచి రోజు ఆదివారం. మామూలుగా మార్కెట్టుకి సెలవు, కొవ్వొత్తులు కదలవు, కొనుగోలు మీట నొక్కినా బేరం జరగదు. మళ్లీ సోమవారం తొమ్మిదీ పదిహేనుకే తెరుస్తారు. ఈలోగా అమ్మ కూడా వచ్చి పక్కన కూర్చుని, కాగితం జరుపుతూ ‘ఆగరా, ఇప్పుడు పెరుగుతుందా తగ్గుతుందా నన్ను చెప్పనీ’ అందంటే, వినొచ్చు. కూరగాయల బజారులో ఇన్నేళ్లు బేరమాడిన మనిషి మరి.